ఆరో కప్పు

పెళ్ళయి వచ్చిన నాలుగో నెలలో చిన్నకోడలికి అత్తగారింట్లో ఒక పేరు పడింది. దువ్వెన కనబడకపోయినా, కత్తెర కనబడకపోయినా, బీరువా తాళంచెవి కనబడకపోయినా ఎవరో ఒకరు "ఆరో కప్పుని అడగండి" అనేవారు. మిగతావాళ్ళు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారని నవ్వేది. అలా నవ్వుతూ ఉండగానే ముప్పై ఒక్క ఏళ్ళు గడిచిపోయాయి. పేరు పెట్టిన అత్తగారు పోయారు, ఆ పేరుతో పిలిచిన పిల్లలకు పిల్లలు పుట్టారు, పేరు మాత్రం చెక్కుచెదరలేదు. మొన్నటికి మొన్న బావగారి మనవరాలు, నిండా నాలుగేళ్ళు లేనిది, "ఆలో కప్పు అమ్మమ్మా" అని ముద్దుగా పిలిచింది. చిన్నకోడలు ఆ పిల్ల చేతిలో ఒక బిస్కెట్టు పెట్టి, వంటింట్లోకి వెళ్ళి, కొళాయి తిప్పి, కడగడానికి ఏమీ లేకపోయినా కాసేపు అక్కడే నిలబడింది.

సంగతేమిటంటే, ఆమె మామగారు ఓడల్లో ఇంజను పని చేసేవారు. ఒకసారి జపాన్ రేవులో దిగినప్పుడు పింగాణీ టీ కప్పులు కొన్నారు. పెట్టెలో చోటు చాలక, కప్పులు పెట్టి ఇచ్చిన డబ్బాను అక్కడే వదిలేసి, ఒక్కొక్క కప్పును ఒక్కొక్క బనీనులో చుట్టుకుని తెచ్చారట. పిడి లేని కప్పులు. ఉల్లిపొరలాగా పలచన. తెల్లటి ఒంటిమీద నీలిరంగు గడ్డిపోచలు నాలుగు, పోచ చివర ఒక మిడత. అత్తగారు వాటిని అద్దాల బీరువాలో పైఅరలో పెట్టి తాళం వేశారు. ఆ తాళంచెవి ఆవిడ నడుముకే ఉండేది. తర్వాత మామగారు పోయారు. కప్పులు అలాగే ఉన్నాయి, వాటిలో టీ తాగినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

చిన్నకోడలు కాపురానికి వచ్చిన నాలుగో నెలలో బావగారి ఆఫీసు నుంచి ఆరుగురు వచ్చారు. అత్తగారికి ఏమనిపించిందో ఏమో, నడుమునుంచి తాళంచెవి తీసి, "ఆ కప్పులు తియ్యమ్మా, ఈ రోజు వాటిలో ఇద్దాం" అని చిన్నకోడలి చేతిలో పెట్టారు. చిన్నకోడలు ఆ కప్పులను పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తెచ్చింది.

"ఆరోదేదీ?" అన్నారు అత్తగారు.

"ఐదే ఉన్నాయత్తయ్యా."

"ఐదెలా ఉంటాయి? కప్పుకి కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిందా?"

పెద్దకోడలు పొయ్యి దగ్గరనుంచి తిరక్కుండానే ఒక మాట అంది: "మొన్న నేను తుడిచినప్పుడు ఆరున్నట్టే గుర్తు."

అంతే. ఆ ఒక్క మాటతో తీర్పు అయిపోయింది. ఆరో మనిషికి గాజుగ్లాసులో టీ ఇచ్చారు. చిన్నకోడలు పగలగొట్టి ముక్కలు దాచేసిందని ఇల్లంతా అనుకుంది. ఆమె భర్త నోట్లో నాలుక లేని మనిషి. "పోనీలే, కప్పేగా" అన్నాడు. అంటే ఆయన కూడా నమ్మినట్టే కదా.

ఆ పంతంతో చిన్నకోడలు ఆరో కప్పు కోసం వెతకడం మొదలుపెట్టింది. ఎక్కడ పాతసామాన్లు అమ్ముతుంటే అక్కడ వాలేది. బుట్టల్లో కుప్పపోసిన కప్పులను ఒక్కొక్కటే తిప్పి చూసేది. అలాంటిదే ఒకటి దొరికితే తెచ్చి ఆ అరలో పెట్టి, "ఇదిగో మీ ఆరోది" అని నోళ్ళు మూయించాలని. వారం వారం వచ్చి కప్పుల అడుగులు మాత్రమే చూసి వెళ్ళిపోయే ఈ మనిషిని ఒక దుకాణం యజమాని కనిపెట్టాడు. ఒకనాడు రెండు కప్పులు తెచ్చి ముందు పెట్టి, "వీటిలో తేడా ఏమిటో చెప్పు చూద్దాం" అన్నాడు.

"ఇది చేత్తో గీసింది. ఇది అచ్చు" అంది.

"ఎలా చెప్పగలవు?"

"దీనిలో ఆకు మొదట్లో లావుగా ఉండి చివర సన్నబడింది, కుంచె ఎత్తినచోట. దానిలో అన్ని ఆకులూ ఒక్కలాగే ఉన్నాయి, పైగా పువ్వు వెనకాల అతుకు కనబడుతోంది. భూతద్దం పెట్టండి, చుక్కలు చుక్కలుగా ఉంటుంది."

అలా ఆమెకు ఉద్యోగం వచ్చింది. మూడో తరగతితో బడి మానేసిన మనిషి ఇరవై రెండేళ్ళుగా ఆ దుకాణం వెనకగదిలో, కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతి కప్పు పుట్టుపూర్వోత్తరాలు చెబుతోంది. కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే కప్పు గోడలోంచి వేలి నీడ కనబడాలి. గోటితో మీటితే గంటలాగా మోగాలి. మూగగా మోగితే ఎక్కడో వెంట్రుకంత పగులు ఉన్నట్టు. అడుగున నిలబడే అంచుకి మెరుపుపూత ఉండదు గనక అక్కడ వేలితో రాస్తే కప్పు వయసు తెలుస్తుంది: నిజంగా వాడిన కప్పయితే బల్లల మీద అరిగి అరిగి నున్నగా ఉంటుంది, పాతదిగా కనబడాలని మసి పూసిన కొత్తదయితే గరుకు ఉండి మసి వేలికి వచ్చేస్తుంది. చైనా నుంచి వచ్చే బియ్యపుగింజల కప్పులు, గింజంత చోట మాత్రమే వెలుతురు కనబడేవి, వాటినీ, కొరియా వాళ్ళ లేతాకుపచ్చ కప్పుల్నీ ఆమె కళ్ళు మూసుకుని బరువుతోనే చెప్పేసేది. కొనేవాళ్ళు ఆమెను కప్పులమ్మ అనేవారు. ఆ పేరు ఆమెకు ఇష్టం. కానీ ఇంటికి వెళితే మళ్ళీ ఆరో కప్పే.

దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. ఆరు ఉంటే సెట్టు. తక్కువ ఉంటే తక్కువైనవి ఎన్నో చీటీ మీద గీతలు గీసి ధర తగ్గించడం. కప్పులమ్మకు రాత అంతగా రాదు, గీతలు చక్కగా గీసేది.

ఇక ఆ వారం సంగతి. పెద్దకోడలు మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కలేక, ఆ మూడంతస్తుల ఇల్లు ఖాళీచేసి, కింద వాటాలో రెండు గదులు ఉన్న ఇంటికి మారుతోంది. బావగారు పోయి ఐదేళ్ళయింది. ఆదివారం అందరూ వచ్చి ఎవరికి కావలసినవి వాళ్ళు తీసుకెళ్ళమని ఫోను చేసింది. ఏనాడో వేరుకాపురం పెట్టుకున్న చిన్నకోడలికీ చేసింది.

"నువ్వూ రా. పాత కుర్చీలు కావాలంటే తీసుకో. ఆ కప్పులు మాత్రం నేనే ఉంచుకుంటాను. ఉన్న ఐదైనా మిగలాలి కదా."

"అలాగే అక్కా" అంది చిన్నకోడలు. ఫోను పెట్టేశాక చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఈ ఆదివారంతో ఆ బీరువా ఉండదు, ఆ అర ఉండదు, అత్తగారి ఇల్లే ఉండదు. ఆ మాట మాత్రం అందరితోపాటు తలా ఒక ఇంటికీ చేరుతుంది. చివరికి తాను పోయాక కూడా "ఆరో కప్పు అమ్మమ్మ ఉండేది" అనుకుంటారు.

శనివారం బస్సు ఆలస్యమై ఆమె దుకాణానికి వెళ్ళేసరికి పదకొండయింది. వెనకగదిలో లిఫ్టు అన్నయ్య అప్పుడే కప్పులు కడిగి, తువ్వాలు పరిచి, బోర్లించి పెట్టాడు. ఆయన ఒకప్పుడు పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేవాడు, రిటైరయ్యాక ఇక్కడ కడిగే పనికి కుదిరాడు. ఇప్పటికీ ఎవరైనా గదిలోకి వస్తే "పైకా, కిందకా?" అంటాడు. నెమ్మదస్తుడు. పదేళ్ళలో ఒక్క సాసరు కూడా పగలగొట్టలేదు.

"పొద్దున్నే ఒక కళ్ళజోడావిడ ఇచ్చి వెళ్ళింది. నాలుగింటికి వస్తానంది, ధర చెప్పాలట" అన్నాడు.

చిన్నకోడలు ఒక కప్పు ఎత్తి తిప్పింది. గడ్డిపోచలు నాలుగు. పోచ చివర మిడత.

ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాడు లిఫ్టు అన్నయ్య.

"ఏం లేదు. కిటికీ తలుపు కొంచెం తియ్యి."

వెలుతురుకి పట్టింది. వేలి నీడ కనబడింది. మీటితే సన్నగా మోగింది. రంగు పూత కిందే ఉంది, గోరుకి తగల్లేదు. మిడత మీసం ఒక్కొక్క కప్పులో ఒక్కొక్క వంపు తిరిగింది. అంటే చేత్తో గీసినవే, గీసింది ఒక్క చెయ్యే. అడుగున నీలిరంగులో నాలుగు అక్షరాలు, ఎన్నేళ్ళ కింద ఒక్క మధ్యాహ్నం చూసినా ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్న ఆ నాలుగే. అంచు నున్నగా అరగలేదు, అంటే పెద్దగా వాడలేదు. అక్కడ చేసి యాభై ఏళ్ళు అయి ఉంటుంది, ఎక్కువ కాదు.

ముప్పై ఒక్క ఏళ్ళు వెతికింది నడిచి వచ్చి బల్లమీద కూర్చున్నట్టుంది. ఒకటి తాను కొనుక్కుంటుంది. రేపు తీసుకెళ్ళి ఆ ఐదింటి పక్కన పెడుతుంది. మాట్లాడక్కర్లేదు, పెడితే చాలు. ఆ సంబరంలో అన్నీ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

"ఆరోదేదీ?"

"ఐదేనమ్మా."

"ఐదెలా ఉంటాయి? సరిగ్గా చూడు. తొట్టిలో ఉండిపోయిందేమో."

"తొట్టి ఖాళీ. నేను ఐదే తీశాను, ఐదే కడిగాను."

"మరి కప్పుకి కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిందా అన్నయ్యా?"

ఆ మాట తన నోట్లోంచి ఊడిపడ్డాక గానీ ఆమెకు తెలియలేదు. లిఫ్టు అన్నయ్య తడిచేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. ముఖం మీద చిన్న నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. ఆ నవ్వు ఆమెకు బాగా తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అద్దంలో చూస్తున్నదే.

"తప్పయింది" అంది వెంటనే. "తప్పయింది అన్నయ్యా. నీ చేతిలో పగిలే కప్పు ఇంకా పుట్టలేదు."

"అదేం లేదులెండి. అనుమానం ఎందుకు, వచ్చిన డబ్బా ఉంది చూడండి. చెమ్మవాసన వస్తోందని వెనక వసారాలో ఎండకి పెట్టాను."

వెళ్ళి తెచ్చాడు. పొడుగ్గా, సన్నగా, పలచటి చెక్కతో చేసిన డబ్బా. మూత మీద నల్లసిరాతో ఏవో అక్షరాలు. లోపల అట్టముక్కలు అడ్డంగా పెట్టి చేసిన గదులు. చిన్నకోడలు వేలు పెట్టి లెక్కపెట్టింది. ఐదు. మళ్ళీ అవతలి వైపునుంచి లెక్కపెట్టింది. ఐదే. ఆరో కప్పు పట్టడానికి అందులో జానెడు కాదు కదా, వేలెడు చోటు కూడా లేదు.

ఆమె కప్పులు ఒక్కొక్కటే గదుల్లో దించింది. డబ్బా నిండింది. గదుల లెక్కా కప్పుల లెక్కా సరిపోయాయి.

"పైకా, కిందకా?" అన్నాడు లిఫ్టు అన్నయ్య మెల్లిగా, ఆమె ముఖం చూసి.

"ఎటు వెళుతున్నానో నాకే తెలియడంలేదు" అంది.

నాలుగింటికి కళ్ళజోడావిడ వచ్చింది. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషిలాగా ఉంది, వచ్చీరాగానే కుర్చీ తనే లాక్కుని కూర్చుంది. చిన్నకోడలు ధర సంగతి ఎత్తకుండా ముందు డబ్బా సంగతి ఎత్తింది.

"ఏమీ అనుకోకండి. ఇవి మొదటినుంచీ ఐదేనా?"

"ఐదేనండి. మా బాబాయి ఆ దేశంలో పదేళ్ళు ఉద్యోగం చేశాడు. అక్కడ టీ కప్పులు ఐదు చొప్పున అమ్ముతారు. మనకి ఆరు ఎలాగో వాళ్ళకి ఐదు అలాగ." మూత తిప్పి ఒక అక్షరం మీద వేలు పెట్టింది. "ఇదిగో, ఐదు అని రాసే ఉంది. ఇంతమాత్రం నాకూ వచ్చు."

దుకాణం యజమాని గుమ్మం దగ్గరనుంచి విన్నాడు. "అయితే ఇన్నేళ్ళూ మనం గీతలు గీసి ధర తగ్గించినవన్నీ…" అన్నాడు.

చిన్నకోడలికి అవన్నీ వరసపెట్టి కళ్ళముందుకు వచ్చాయి. ఆమె మరచిపోయే మనిషి కాదు. ఎర్రపూల ఐదు, ఒక నర్సు తెచ్చినవి. బూడిదరంగు ఐదు, కొంగలవి. ముసలాయన ఒకాయన ఐదు తెచ్చి "ఆరోది మా ఆవిడ పగలగొట్టి ఉంటుంది" అన్నాడు, ఆవిడ పక్కనే ఉండి తలొంచుకుంది. "ఉంటుంది" అని తానూ తలూపింది. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది మాటపడ్డారో. ఇవి తెచ్చేవాళ్ళు డబ్బాలు ముందే పారేస్తారు, డబ్బా లేకపోతే చెప్పేదెవరు?

యజమాని దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. ఈయనకు ఆమె వెతుకులాట సంగతంతా తెలుసు. "నువ్వు ఒకటి తీసుకో. నాలుగు నేను ఎలాగో అమ్ముకుంటాను. రేపు తీసుకెళ్ళి పెట్టెయ్యి, గొడవ వదిలిపోతుంది."

నిజమే. వదిలిపోతుంది. పెద్దకోడలు కప్పు చూసి "దొరికిందా, ఏదైతేనేం" అంటుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. ఇంకెవరూ ఆ మాట ఎత్తరు. అయితే ఆరోది ఉండేదనీ, పగలగొట్టింది తానేననీ, ముప్పై ఒక్క ఏళ్ళకు తెచ్చి కలిపిందనీ ఖాయమైపోతుంది. తన చేత్తోనే ముద్ర వేసినట్టు.

"విడదియ్యకండి. ఇది నిండు సెట్టు, నిండు సెట్టు ధరే చెప్పండి" అంది. కళ్ళజోడావిడ వైపు తిరిగింది. "ఒక్కరోజు ఈ డబ్బా ఇస్తారా? సోమవారం పొద్దున్నే తెచ్చిస్తాను."

"కప్పులా?"

"వద్దండి. ఖాళీ డబ్బా చాలు."

కళ్ళజోడావిడ కప్పులు తీసి బల్లమీద పెట్టి డబ్బా ఇచ్చేసింది. ఎందుకని అడగకుండా ఇచ్చినందుకు చిన్నకోడలికి ఆవిడ మీద ఎక్కడలేని అభిమానం పుట్టింది.

ఇంటికి వెళ్ళేముందు చిన్నకోడలు బయటి అరల దగ్గరికి వెళ్ళి, ఐదేసి ఉన్న జపాన్ కప్పుల వరసలు మూడు వెతికి, వాటి చీటీలు చింపేసింది.

ఆదివారం ఆ ఇల్లు సంతలాగా ఉంది. మెట్లనిండా మంచాలు, పరుపులు, అట్టపెట్టెలు. బావగారి పెద్దకొడుకు కుర్చీ నెత్తిన పెట్టుకుని దిగుతూ, "పిన్నీ, పక్కకు జరుగు. ఏదైనా పోతే నీ మీదే పడుతుంది" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. వాడు రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగి చూశాడు.

పెద్దకోడలు అద్దాల బీరువా ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. కప్పులను వార్తాకాగితాల్లో చుట్టబోతోంది.

"ఆగక్కా. వీటికి డబ్బా తెచ్చాను."

"ఎక్కడిది?"

"వీటిదే అనుకో. మామగారు అక్కడ పారేసి వచ్చారే, దానికి కవల. వీటిలాంటి కప్పులే దీనిలో వచ్చాయి దుకాణానికి. నువ్వే పెట్టు."

పెద్దకోడలు కళ్ళు చికిలించి డబ్బా చూసింది. ఒక కప్పు దించింది. బిగువుగా, కొలతపెట్టి కుట్టించినట్టు కూర్చుంది. రెండోది. మూడోది. నాలుగు. ఐదోది చేతిలో పట్టుకుని ఆగింది. ఖాళీ గది ఇంకా ఒక్కటే ఉంది.

"ఇంకోటి ఎక్కడ పెడతారు వీళ్ళు?" అంది.

"ఇంకోటి లేదక్కా. ఆ దేశంలో ఐదే అమ్ముతారు. మూత మీద రాసి ఉంది."

"అబద్ధం."

"నాకు చదువు రాదు, నిజమే. లెక్క వచ్చు. గదులు లెక్కపెట్టు."

పెద్దకోడలు లెక్కపెట్టలేదు. ఐదో కప్పును గదిలో దించి, దాని అంచుమీద చెయ్యి వేసి ఉంచింది. బయట మెట్లమీద ఎవరో మంచం కోడు గోడకు తగిలించి తిట్టుకుంటున్నారు.

"నువ్వు ఆరు తుడిచానన్నావు" అంది చిన్నకోడలు. గొంతు పెంచలేదు. పెంచాలనుకునే వచ్చింది, తీరా పెరగలేదు.

"తుడవలేదు" అంది పెద్దకోడలు.

"ఏమిటీ?"

"నేను ఏనాడూ తుడవలేదు. ఆ తాళంచెవి నా చేతికి ఒక్కసారి కూడా ఇవ్వలేదు ఆవిడ. తొమ్మిదేళ్ళు చాకిరీ చేశాను ఈ ఇంట్లో. నువ్వొచ్చి నాలుగు నెలలు. పిలిచి నీ చేతిలో పెట్టింది." పెద్దకోడలు కప్పుల వంకే చూస్తూ చెప్పింది. "నాకూ ఇచ్చేదని నీకు అనిపించాలని అన్నాను. ఆరు అని నోటికొచ్చింది. వచ్చింది ఆరుగురు కదా. అది ఇంత దూరం వస్తుందని అనుకోలేదు. వచ్చాక ఇక వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు."

చిన్నకోడలు పక్కన నేలమీద కూర్చుంది. కోపం రావాలి. వచ్చింది కూడా, కొంచెం. దానితోపాటు పొయ్యి దగ్గర వీపు చూపించి నిలబడ్డ అప్పటి ముప్పై ఏళ్ళ మనిషి కూడా కనబడింది, తాళంచెవి వేరే చేతిలోకి వెళుతుంటే తిరిగి చూడలేకపోయిన మనిషి.

"నువ్వు ఒక్కసారి చెప్పి ఉంటే నేను ఇన్ని కప్పుల అడుగులు నాకేదాన్ని కాదు" అంది.

"ఉద్యోగం వచ్చిందిగా" అంది పెద్దకోడలు. అని, తానన్నదానికి తానే సిగ్గుపడి, "ఛ, నా నోరు" అంది.

ఇద్దరికీ నవ్వొచ్చింది. ముందు ఎవరు నవ్వారో వాళ్ళకే తెలియదు.

పెద్దకోడలు క్షమించమని అడిగే మనిషి కాదు, పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ అడగలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, "నా ఫోను ఇలా తే" అంది. ముందు కూతురికి చేసింది. "విను. ఆరో కప్పు లేదు. పోవడం కాదే, మొదటినుంచీ లేనే లేదు. తుడిచానని నేను అబద్ధం చెప్పాను. అవును, నేనే. మీ పిన్నిని ఇకమీదట ఆ మాట అన్నావంటే చెంప పగులుతుంది, నీ పిల్లకు కూడా చెప్పు." పెట్టేసింది. ఆడపడుచుకు చేసింది. ఆవిడకు చెవులు సరిగ్గా వినబడవు గనక అదే సంగతి మూడుసార్లు, ఒకసారి కంటే ఒకసారి గట్టిగా చెప్పవలసి వచ్చింది. "నేనే వదినా. అబద్ధం. అ-బ-ద్ధం." మెట్లమీద సామాను దింపేవాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కుర్చీ నెత్తిన పెట్టుకున్నవాడు కుర్చీ దింపేసి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

చిన్నకోడలు కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఇన్నేళ్ళ దుమ్ము, కడగాలి. పొయ్యి ఇంకా తీసేయలేదు, గిన్నె ఒకటి మిగిలి ఉంది, నీళ్ళు పెట్టింది. గదిలోంచి పెద్దకోడలి గొంతు నాలుగో ఫోనులో వినబడుతోంది. మధ్యలో ఆగి ఇటువైపు కేకేసింది.

"కప్పులు జాగ్రత్తే, తడిచేతుల్లో జారతాయి."

కొళాయి శబ్దం మాత్రం వినబడింది కాసేపు.

"జారితే జారనియ్యిలే" అంది మళ్ళీ పెద్దకోడలు, ఈసారి కొంచెం తగ్గించి, మళ్ళీ ఫోనులో మొదటినుంచి మొదలుపెట్టింది.